వేరే ప్రావిన్స్‌లోని సరోగేట్ ద్వారా బిడ్డ: కెనడాలో చట్టపరంగా చేయాల్సిన పనులు

ఒంటారియోలోని బ్రాంప్టన్‌లో ఉండే దంపతుల బిడ్డను మోయడానికి ఆల్బర్టాలోని కాల్గరీలోనో బ్రిటిష్ కొలంబియాలోని సర్రీలోనో ఒకావిడ (సరోగేట్) ఒప్పుకుంది. మరి ఎవరి ప్రావిన్స్ చట్టం చెల్లుతుంది? బిడ్డ ఎక్కడ పుడితే అక్కడిదే. బర్త్ సర్టిఫికెట్ మీద ఎవరి పేర్లు ఉండాలో, అవి కోర్టుకు వెళ్ళకుండా వస్తాయో లేదో ఆ ప్రావిన్స్ చట్టమే చెబుతుంది. దంపతుల చిరునామా ఒంటారియోలో ఉన్నంత మాత్రాన ఒంటారియో చట్టం వాళ్ళ వెంట రాదు.

ఆవిడ డాక్టరు, ఆరోగ్య కార్డు, సొంత పిల్లలు అన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి ప్రసవం కూడా నూటికి తొంభై పాళ్ళు ఆవిడ ఊళ్ళోనే జరుగుతుంది. అంటే సరోగేట్‌ను ఎంచుకున్నప్పుడే మీరు చట్టాన్ని కూడా ఎంచుకున్నట్టు. ఈ సంగతి పిండ మార్పిడి (పిండాన్ని సరోగేట్ గర్భంలో ప్రవేశపెట్టడం) అయ్యాక, నాలుగో నెలలో తెలిసి ఇబ్బంది పడేవాళ్ళే ఎక్కువ. కాబట్టి ఆవిడకు సరేనని చెప్పకముందే లాయర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న: మా పరిస్థితికి ఆ ప్రావిన్స్ చట్టం సరిపోతుందా?

ప్రావిన్స్‌ను బట్టి దారి

ఒంటారియోలో 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం కోర్టు గడప తొక్కకుండానే పని అవుతుంది. షరతులు కొన్ని ఉన్నాయి. గర్భం రాకముందే లిఖిత ఒప్పందం ఉండాలి. సరోగేట్‌కూ మీకూ వేర్వేరు లాయర్లు విడివిడిగా సలహా ఇచ్చి ఉండాలి. గర్భం వైద్య పద్ధతిలో వచ్చినదై ఉండాలి. ఒప్పందంలో తల్లిదండ్రులు కాబోయేవాళ్ళు నలుగురికి మించకూడదు. బిడ్డ పుట్టాక సరోగేట్ తన హక్కులు వదులుకుంటున్నట్టు రాతపూర్వకంగా సమ్మతి ఇవ్వాలి, అదీ బిడ్డకు 7 రోజులు నిండిన తర్వాతే. ఆరో రోజున పెట్టిన సంతకం చెల్లదు. ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప, ఆ వారం రోజులూ బిడ్డ మీద హక్కులూ బాధ్యతలూ సరోగేట్‌కూ మీకూ ఉమ్మడిగా ఉంటాయి. కాబట్టి బిడ్డను మీరు ఇంటికి తీసుకెళ్ళవచ్చు, ఆసుపత్రిలోనే ఉంచాల్సిన పనిలేదు. ఆవిడ సంతకం పెట్టకపోయినా, పెట్టే స్థితిలో లేకపోయినా, ఆచూకీ దొరక్కపోయినా కోర్టుకు వెళ్ళాల్సిందే.

బ్రిటిష్ కొలంబియాలో (బి.సి.) 2013 మార్చి 18న అమల్లోకి వచ్చిన కుటుంబ చట్టంలోని 29వ సెక్షన్ వర్తిస్తుంది. అక్కడా ఒప్పందం గర్భానికి ముందే కుదరాలి. బిడ్డను కనేది సరోగేటేనని, కన్నాక ఆవిడ తల్లి కాదని, బిడ్డను మీకు అప్పగిస్తుందని, మీరే తల్లిదండ్రులవుతారని ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. గర్భం రాకముందు ఎవరూ ఒప్పందం నుంచి తప్పుకుని ఉండకూడదు. ప్రసవం తర్వాత ఆవిడ రాతపూర్వకంగా సమ్మతించాలి, మీరు బిడ్డను మీ సంరక్షణలోకి తీసుకోవాలి. ఒంటారియోలోలాగా వారం రోజుల ఆగుడు ఇక్కడ లేదు. ఒంటారియో నమూనా ఒప్పందాన్ని పేర్లు మార్చి బి.సి.లో వాడేస్తే తంటా వస్తుంది. అందులో పై మాటలు ఈ చట్టం అడిగిన రూపంలో ఉండకపోవచ్చు, ఆ లోపం బర్త్ రిజిస్ట్రేషన్ దగ్గర బయటపడుతుంది.

ఆల్బర్టాలో దారి పూర్తిగా వేరు. అక్కడ కోర్టు ఉత్తర్వు కావాల్సిందే. ఉత్తర్వు వచ్చేదాకా చట్టం దృష్టిలో తల్లి కన్న ఆవిడే. దరఖాస్తును బిడ్డ పుట్టిన 30 రోజుల్లోపు కోర్ట్ ఆఫ్ కింగ్స్ బెంచ్‌లో వేయాలి. గడువు దాటితే కోర్టు అనుమతి అడగాలి. సరోగేట్ సమ్మతి నిర్ణీత ఫారంలో ఉండాలి, ముందు రాసుకున్న ఒప్పందాన్ని ఆ సమ్మతికి రుజువుగా వాడటానికి వీల్లేదు. అన్నిటికన్నా ముఖ్యమైనది జన్యు సంబంధం. దంపతుల్లో ఒకరిదైనా అండమో వీర్యమో ఆ పిండంలో ఉండాలి. అండం, వీర్యం రెండూ దాతలవే అయినా, ఇంకొకరు ఇచ్చిన పిండం వాడుతున్నా ఆల్బర్టాలో ప్రసవం మీకు సరిపడదు. ఒంటారియో, బి.సి. చట్టాలు ఈ షరతు పెట్టవు.

క్యూబెక్ సంగతి ప్రత్యేకం. 2024 మార్చి 6 దాకా అక్కడ సరోగసీ ఒప్పందానికి చట్టం దృష్టిలో విలువే లేదు. ఇప్పుడు ఉంది గానీ, అది కనీసం ఏడాదిగా క్యూబెక్‌లో స్థిరనివాసం ఉన్న దంపతులకే. మాంట్రియల్ దంపతులు క్యూబెక్ బయట ఉండే ఆవిడతో ముందుకు వెళ్ళాలంటే గర్భానికి ముందే మంత్రి అనుమతి తీసుకోవాలి. క్యూబెక్ ప్రభుత్వం గుర్తించిన ప్రాంతాల జాబితాలో ఆవిడ ఉండే చోటు కూడా ఉండాలి. అనుమతి లేకుండా ఒంటారియోలో బిడ్డను కనేసి తర్వాత సర్దుకుందామనుకోవడం ఈ మొత్తం వ్యవహారంలోకెల్లా ప్రమాదకరమైన పని. క్యూబెక్ నివాసులైతే అక్కడి నోటరీనో కుటుంబ లాయర్నో మొట్టమొదట కలవాలి, మిగతావన్నీ ఆ తర్వాతే.

డబ్బు: దేశమంతటా ఒకే చట్టం

2004 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం సరోగేట్‌కు ప్రతిఫలం ఇవ్వడం, ఇస్తామనడం, అలా ప్రకటన వేయడం నేరం. సరోగేట్‌ను కుదిర్చిపెట్టినందుకు మూడో మనిషికి డబ్బు ఇచ్చినా, ఆ మనిషి పుచ్చుకున్నా అంతే. శిక్ష 5 లక్షల డాలర్ల దాకా జరిమానా, లేదా పదేళ్ళ దాకా జైలు, లేదా రెండూ. 21 ఏళ్ళు నిండని యువతిని సరోగేట్ కమ్మని ప్రోత్సహించడం కూడా ఇదే చట్టం కింద నేరం. ఇవి కాగితం మీద ఉండిపోయిన సెక్షన్లు అనుకోవద్దు. 2013లో ఒక ఏజెన్సీ, దాని నిర్వాహకురాలు నేరం ఒప్పుకుని 60,000 డాలర్ల జరిమానా కట్టారు.

చట్టం ఒప్పుకునేది ఆవిడ నిజంగా పెట్టిన ఖర్చును తిరిగి ఇవ్వడం మాత్రమే. ఏవేవి ఇవ్వవచ్చో 2020 జూన్ 9న అమల్లోకి వచ్చిన నిబంధనల్లో జాబితా ఉంది. ప్రయాణం, ఆవిడ పిల్లల సంరక్షణ, పెంపుడు జంతువుల సంరక్షణ, కౌన్సెలింగ్, లాయరు ఫీజు, మందులు, మిడ్‌వైఫ్ లేదా డూలా (ప్రసవంలో తోడుగా ఉండే సహాయకురాలు), ఆహార సరుకులు, గర్భిణులు వేసుకునే బట్టలు, ఫోను, గర్భిణుల వ్యాయామ తరగతులు, ప్రసవ ఖర్చులు, ఆరోగ్య, వైకల్య, ప్రయాణ, జీవిత బీమాలు అందులో ఉన్నాయి. సరుకుల బిల్లులో సబ్బులు, టిష్యూలు ఉంటే వాటి ధర తీసేసి లెక్కగట్టాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ బిల్లుల్లో దొర్లే పొరపాట్లలో ఎక్కువ ఇక్కడే.

ప్రతి ఖర్చుకూ రసీదు, దానితో పాటు ఆవిడ సంతకం చేసిన ప్రకటన ఉండాలి. సొంత కారులో వెళ్తే తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు అన్నది రాయించండి. వేరే ప్రావిన్స్ సరోగేట్ విషయంలో ప్రయాణ ఖర్చే పెద్దది. విమానం, హోటలు, క్లినిక్ ఉన్న ఊళ్ళో భోజనం, ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకున్న ఆవిడకు ఇచ్చిన డబ్బు, వీటన్నిటికీ రసీదులు కావాలి. “నెలకు ఇంత” అని లెక్క లేకుండా పంపే మొత్తం, ఎంత చిన్నదైనా, ప్రతిఫలం కిందికి రావచ్చు.

పని మానేయడం వల్ల పోయిన జీతానికి వేరే షరతు ఉంది. పని కొనసాగిస్తే ఆవిడకో గర్భస్థ శిశువుకో ప్రమాదం కలగవచ్చని డాక్టరు రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. అదీ గర్భంతో ఉన్న కాలానికే. ప్రసవం తర్వాతి వారాల జీతాన్ని మీరు భర్తీ చేయలేరు. ఆ వారాలకు ఆవిడే తన ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ నుంచి 15 వారాల ప్రసూతి భృతికి దరఖాస్తు చేసుకోవచ్చు.

మన ఇళ్ళలో తరచూ లేచే ప్రశ్న బహుమతులది. వదినో, పిన్ని కూతురో బిడ్డను మోసి ఇస్తే చీర సారె పెట్టకుండా ఎలా? చీర, పళ్ళు, తాంబూలం దాకా ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఆవిడ మెడలో బంగారు గొలుసు వేయడం, కారు అప్పు తీర్చడం, ఆవిడ పిల్లల కాలేజీ ఫీజు కట్టడం మాత్రం ప్రేమతోనే చేసినా బయటివాళ్ళకు ప్రతిఫలంలాగే కనిపిస్తాయి. అలాంటిది ఏదైనా మనసులో ఉంటే చేయకముందే లాయర్ని అడగండి.

రసీదులు, ప్రకటనలు అన్నీ డబ్బు తిరిగి ఇచ్చిన తేదీ నుంచి ఆరేళ్ళు దాచాలి. చాలామంది ఒకేసారి కొంత మొత్తాన్ని లాయరు ట్రస్టు ఖాతాలో ఉంచి, రసీదులు వచ్చినకొద్దీ అందులోంచి చెల్లింపులు చేయిస్తారు. మనిషికీ మనిషికీ మధ్య డబ్బు ప్రస్తావన రాకుండా ఉంటుంది కాబట్టి ఇది మంచి పద్ధతి, ముఖ్యంగా సరోగేట్ బంధువైతే.

లాయర్లు, ఒప్పందం

ఇద్దరు లాయర్లు తప్పనిసరి అనుకునే మొదలుపెట్టండి. బి.సి. చట్టంలో ఆ మాట రాసి లేకపోయినా అది లేకుండా క్లినిక్‌లు పిండ మార్పిడికి ఒప్పుకోవు. సరోగేట్ లాయరు ప్రసవం జరిగే ప్రావిన్స్‌లో లైసెన్సు ఉన్నవారై ఉండాలి. మీ లాయరు ఒంటారియోలో ఉన్నా సరే, ఆ ప్రావిన్స్ చట్టంలో అనుభవం ఉండాలి, లేదా అక్కడి లాయరుతో కలిసి పనిచేయాలి. ఆవిడ లాయరు ఫీజు మీరు తిరిగి ఇవ్వవచ్చు. అంత మాత్రాన ఆ లాయరు మీ మాట వినరు, వినకూడదు. ఆవిడకు పెళ్ళయి ఉంటే భర్త కూడా సంతకం చేసేలా చూడండి. తర్వాత పితృత్వం గురించి ప్రశ్న రాకుండా ఉంటుంది.

ఒప్పందంలో సొంత బుద్ధితో ఆలోచించి రాయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏ ప్రావిన్స్ చట్టం వర్తిస్తుంది, ప్రసవం ఎక్కడ? ఫలానా వారం తర్వాత ఆవిడ ఆ ప్రావిన్స్ దాటి ప్రయాణించకూడదా? ఈ రెండోది చాలామంది మరిచిపోతారు. కాల్గరీ ఆవిడ 34వ వారంలో వాంకూవర్‌లో చెల్లెలి పెళ్ళికి వెళ్ళి అక్కడే ప్రసవిస్తే, మీరు నెలల తరబడి సిద్ధం చేసిన ఆల్బర్టా కాగితాలు పక్కన పెట్టి బి.సి. దారిలో మళ్ళీ మొదలుపెట్టాలి. ఎన్ని పిండాలు ప్రవేశపెడతారు, కవలలైతే ఏమిటి, తీవ్రమైన లోపం బయటపడితే నిర్ణయం ఎవరిది? తన శరీరానికి సంబంధించిన వైద్య నిర్ణయం ఎప్పుడూ ఆవిడదే, ఏ ఒప్పందమూ దాన్ని లాక్కోలేదు. ప్రసవానికి ముందే మీ ఇద్దరికీ ఏదైనా అయితే బిడ్డ సంరక్షకులు ఎవరు? ఆ పేరే మీ వీలునామాలోనూ ఉండాలి, రెండిటిలో రెండు పేర్లు ఉంటే ఆ ఒప్పందం వల్ల లాభం లేదు.

ఒంటారియోలో ఈ ఒప్పందాన్ని కోర్టు బలవంతంగా అమలు చేయించదు, ఆల్బర్టాలోనూ అంతే. మీ ఉద్దేశం ఏమిటో చూపే సాక్ష్యంగా మాత్రం ఒంటారియోలో పనికొస్తుంది. మరి ఇంత ఖర్చుపెట్టి రాయించడం దేనికంటే, అది లేకపోతే ఒంటారియో, బి.సి.ల్లో కోర్టుకు వెళ్ళకుండా తేలే దారే మూసుకుపోతుంది.

ఇక తేదీల వరుస. ఒప్పందం మీద అందరి సంతకాలు, ఆ తర్వాత ఇద్దరు లాయర్ల నుంచి క్లినిక్‌కు చట్టపరమైన అనుమతి లేఖ, ఆ తర్వాతే పిండ మార్పిడి. దాత అండమో వీర్యమో వాడుతుంటే దాత రాతపూర్వక సమ్మతి కాగితాలు కూడా ముందే క్లినిక్ ఫైలులో ఉండాలి. మందులు మొదలయ్యాయి, టికెట్లు కొన్నారు, సంతకం ఒక్కటే మిగిలిందంటే పిండ మార్పిడినే వాయిదా వేయండి. చికిత్స చక్రం ఒకటి పోతుంది, అంతే. సంతకానికి ముందే గర్భం వస్తే కోర్టులో తల్లిదండ్రులుగా ప్రకటించమని అడగడమే మిగులుతుంది.

ఇండియా నుంచి బంధువును రప్పిస్తే

“హైదరాబాద్ నుంచి మా చెల్లెల్ని విజిటర్ వీసా మీద రప్పిస్తే?” అనే ప్రశ్న అరుదేమీ కాదు. విజిటర్‌కు ప్రావిన్స్ ఆరోగ్య బీమా ఉండదు. నెలనెలా పరీక్షలు, ప్రసవం, ఆపరేషన్ అవసరమైతే అదీ అన్నీ చేతి నుంచే కట్టాలి. విజిటర్లకు అమ్మే ప్రయాణ బీమాల్లో మామూలు ప్రసవ ఖర్చు సాధారణంగా ఉండదు. వీసా దరఖాస్తులో అసలు ఉద్దేశం దాస్తే ఆమె తర్వాతి దరఖాస్తులన్నిటికీ చిక్కే. కెనడాలో ఉంటూ ఇక్కడి ఆరోగ్య కార్డు ఉన్నవారినే చూసుకోవడం మంచిది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న భారత సరోగసీ చట్టంలోని 25 నుంచి 35 ఏళ్ళ వయసు, జీవితంలో ఒక్కసారే లాంటి షరతులు కెనడాలో జరిగే ప్రసవానికి వర్తించవు. బంధువులు అక్కడి వార్తలు చూసి చెప్పే నియమాలను ఇక్కడికి తెచ్చుకోకండి.

ప్రసవానికి ముందు, ప్రసవం రోజు

28వ వారం దాటగానే ఆసుపత్రి సోషల్ వర్కర్‌కు లాయరు చేత లేఖ పంపించండి. ఒప్పందం సారాంశం, బిడ్డ చేతి పట్టీ ఎవరికి, పుట్టగానే బిడ్డ ఎవరి గదిలో ఉంటుంది, బిడ్డ చికిత్స గురించి ఎవరిని అడగాలి అన్నవి అందులో ఉండాలి. చిన్న ఊరి ఆసుపత్రుల్లో సరోగసీ ప్రసవం ఏళ్ళకొకటి వస్తుంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు మీరెవరో తెలియకపోతే ఆమె తప్పేమీ లేదు. నెలలు నిండకుండా పుట్టి ఇంటెన్సివ్ కేర్‌లో చేర్చాల్సి వస్తే ఈ లేఖే మిమ్మల్ని లోపలికి పంపిస్తుంది. మీరు చేరుకునే లోపల చికిత్సకు ఆవిడ సమ్మతి ఇవ్వవచ్చని కూడా రాయించండి. టొరొంటో నుంచి బి.సి.లోని కెలోనాకు ఆ రాత్రికి రాత్రే చేరలేరు మరి.

సరోగేట్ వైద్యం ఆవిడ ప్రావిన్స్ బీమాలో ఉంటుంది. బిడ్డ ఖర్చు ఏ ప్రావిన్స్ పద్దులోకి వెళ్తుందో ఆసుపత్రి బిల్లింగ్ విభాగాన్ని ముందే అడిగి, సమాధానం ఈమెయిల్‌లో తీసుకోండి. ప్రావిన్స్‌ల మధ్య బిల్లుల సర్దుబాటు ఉంది. అయితే డాక్టర్ల ఫీజుకు సంబంధించిన సర్దుబాటులో క్యూబెక్ లేదు, అక్కడ ముందు కట్టి తర్వాత తిరిగి అడగాల్సి రావచ్చు.

రిజిస్ట్రేషన్, తిరుగు ప్రయాణం

ఒంటారియోలోనూ బి.సి.లోనూ పుట్టుక నమోదుకు 30 రోజుల గడువు. మామూలు దంపతులు ఆన్‌లైన్‌లో చేసుకునే దారి మీకు కుదరదు. సరోగసీకి వేరే ప్రకటనలు, సమ్మతి పత్రాలు జతచేయాలి కాబట్టి ఆ ఫారాలను ప్రసవానికి నెల ముందే తెప్పించి, తేదీలు తప్ప మిగతావన్నీ నింపి పెట్టండి. ఒంటారియో సరోగేట్ ఎనిమిదో రోజున సంతకం పెట్టేసరికి మీరు వేరే ఊళ్ళో ఉండవచ్చు. అక్కడ ప్రమాణ పత్రాలను వీడియో ద్వారా ధ్రువీకరించే వీలుంది, సమయం ముందే లాయరుతో ఖాయం చేసుకోండి.

పేర్ల దగ్గర మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా తలనొప్పి. పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర ఉందా ముందుందా, ఇంటిపేరు గడి ఖాళీగా ఉందా, ఇద్దరి స్పెల్లింగులు ఒప్పందంలో ఉన్నట్టే ఫారంలోనూ ఉన్నాయా, అక్షరం అక్షరం చూసుకోండి. 21వ రోజు బారసాలలో పేరు పెట్టేవాళ్ళకు 30 రోజుల గడువులో మిగిలేది తొమ్మిది రోజులే, అక్షరాలు ముందే ఖాయం చేసుకుంటే మేలు.

పుట్టిన మొదటి వారంలో పసిబిడ్డను విమానంలో ఎక్కించడానికి చాలా ఎయిర్‌లైన్లు ఒప్పుకోవు. దేశం లోపలి ప్రయాణానికి బిడ్డకు ఫోటో గుర్తింపు అక్కర్లేదు. ఆసుపత్రి ఇచ్చిన పుట్టుక రుజువు, సరోగేట్ రాసిచ్చిన ప్రయాణ సమ్మతి లేఖ మాత్రం బ్యాగులో ఉండాలి. ఆల్బర్టాలో ఉత్తర్వు రాకముందే బయలుదేరితే ఆ లేఖ మరీ ముఖ్యం, అందులో అత్యవసర వైద్యానికి అనుమతి కూడా చేర్చండి.

ఇంటికి చేరాక

తల్లిదండ్రుల పేర్లున్న పూర్తి బర్త్ సర్టిఫికెట్‌నే అడగండి. పేర్లు లేని చిన్న కార్డు పాస్‌పోర్టుకు పనికిరాదు. సర్టిఫికెట్ రాగానే ఒంటారియో ఆరోగ్య కార్డు, సోషల్ ఇన్సూరెన్స్ నంబరు, చైల్డ్ బెనిఫిట్‌కు దరఖాస్తు చేయాలి. వేరే ప్రావిన్స్‌లో కాగితాల ద్వారా నమోదైన పుట్టుకకు ఇవి వాటంతటవే రాకపోవచ్చు, చైల్డ్ బెనిఫిట్ కోసం ఆర్‌సీ66 అనే దరఖాస్తు ఫారం విడిగా పంపండి. పేరెంటల్ భృతికి మీరు అర్హులే. మామూలు పద్ధతిలో ఇద్దరికీ కలిపి 40 వారాలు, ఒక్కరికి 35కు మించకుండా. పొడిగించిన పద్ధతిలో 69 వారాలు, ఒక్కరికి 61కి మించకుండా. 600 గంటల బీమా ఉద్యోగం ఉండాలి. 15 వారాల ప్రసూతి భృతి మాత్రం కన్న ఆవిడది. దాన్ని మీ దరఖాస్తులో అడిగితే తిరస్కరిస్తారు.

పన్నులో 2022 నుంచి వచ్చిన మార్పు చాలామందికి తెలియదు. సరోగేట్ వైద్య ఖర్చును చట్టప్రకారం తిరిగి ఇచ్చి ఉంటే, ఆ ఖర్చు కెనడాలోనే అయి ఉంటే, దాన్ని మీ వైద్య ఖర్చుల క్రెడిట్‌లో చూపవచ్చు. ఆరేళ్ళు దాచమన్న ఆ రసీదులే ఇక్కడ పనికొస్తాయి.

కెనడాలో పుట్టిన బిడ్డ కెనడా పౌరుడే, మీరు వర్క్ పర్మిట్ మీద ఉన్నా సరే. తాతయ్య, అమ్మమ్మల దగ్గరికి తీసుకెళ్ళాలంటే కెనడా పాస్‌పోర్టు, దాని మీద వీసా లేదా ఓసీఐ (భారత మూలాలున్న విదేశీయులకు ఇచ్చే కార్డు) కావాలి. ఓసీఐకి తల్లిదండ్రుల పేర్లున్న పూర్తి సర్టిఫికెట్ అడుగుతారు. ఆల్బర్టా ఉత్తర్వు ఉంటే కోర్టు ముద్ర ఉన్న నకళ్ళు రెండు మూడు అదనంగా తీసిపెట్టుకోండి. ఒంటారియోలో కోర్టుకు వెళ్ళకుండా పని అయినవాళ్ళు, ఇండియాలో ఆస్తి, వారసత్వం విషయాలు ఉంటే, బిడ్డ పసితనంలోనే తల్లిదండ్రులుగా ప్రకటించే ఉత్తర్వు తెచ్చుకునే సంగతి లాయరుతో మాట్లాడటం మంచిది. సరోగేట్, క్లినిక్, ఇద్దరు లాయర్లు అందరూ అందుబాటులో ఉండగా ఆ దరఖాస్తు సులువుగా నడుస్తుంది.